వెచ్చని బానెట్

ఆ నర్సమ్మకి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలు వాసన చూడందే కొనదు, తాళం లాగి చూడందే గుమ్మం దిగదు. పెళ్లికి ముందు కాబోయే మొగుణ్ణి "ఏదీ, ఓసారి అటూ ఇటూ నడవండి" అందట! పాపం ఆ మహానుభావుడు నడిచి చూపించి, కొన్నాళ్ళు కాపురం చేసి, చడీచప్పుడు లేకుండా పోయాడు. కూతుర్ని ఒంటిచేత్తో పెంచింది. ఇంటింటికీ తిరిగి పురుళ్ళు పోయడం ఆమె పని. చుట్టుపక్కల సగం మంది ఆమె చేతుల్లోనే భూమ్మీద పడ్డారు.

ఇప్పుడా కూతురికే నెలలు నిండుతున్నాయి. కాపురం కొండకి అవతల. నర్సమ్మ స్కూటరేమో ఎత్తు కనబడితే చాలు మొరాయిస్తుంది. దారిలో ఆగిపోతే నా బిడ్డ గతేమిటి అని ఆమెకి ముద్ద దిగడం మానేసింది.

"పాత డీజిల్ కారు చూద్దాం అక్కా" అన్నాడు మెకానిక్కు తమ్ముడు. "దూరాలు తిరిగేదానివి, ఖర్చు కలిసొస్తుంది. కాకపోతే చెప్పాపెట్టకుండా తెల్లారగట్లే వెళ్ళు. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉందంటే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్. చలికి స్టార్టవని బండిని ముందే వేడిచేసి పెట్టారన్నమాట."

అనుమానం మనిషికి ఇంతకంటే రుచించే సలహా ఉంటుందా! ఊరంతా కాళ్ళరిగేలా తిరిగింది. ఒక కారు నీలం పొగ కక్కింది. ఇంకోదానికి ఇంజను తళతళలాడుతోంది. "ఆయిలు కారే చోటు తెలియకుండా కడిగారు, మనకొద్దు" అన్నాడు తమ్ముడు. మరోచోట కారుకంటే అమ్మేవాడి నోరు బాగా నడిచింది.

చివరికి సందు మొదట్లో ఒక ముసలావిడ ఇల్లు. రేకుల షెడ్డులో బూడిదరంగు కారు, టైర్ల చుట్టూ ఎండుటాకులు. ధర వినగానే నర్సమ్మ అనుమానం రెట్టింపయింది. బానెట్ మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.

"పొద్దున్నే నడిపారా పెద్దమ్మా?"

"నడిపేవాళ్ళెవరమ్మా? ఆయన పోయాక తాళంచెవి నా దిండు కిందే ఉంది."

అబద్ధాలకోరు అనుకుని నర్సమ్మ చక్కాపోయింది. కానీ ఆ ధర నిద్రపోనివ్వలేదు. మర్నాడు ఇంకా ముందే వెళ్ళింది. మళ్ళీ వెచ్చగానే ఉంది. టైర్ల దగ్గర ఆకులు మాత్రం చెదరలేదు. తమ్ముడొచ్చి, చార్జింగ్ చూస్తానని బ్యాటరీ ఊడదీసి ఇంటికి పట్టుకుపోయాడు. తెల్లారి ఇద్దరూ వెళ్ళి చెరో చెయ్యీ పెట్టారు. ఇప్పుడే ఎవరో దిగి లోపలికి వెళ్ళినట్టు వెచ్చగా ఉంది.

తమ్ముడి మొహంలో నెత్తుటిచుక్క లేదు. "అక్కా, పోదాం పద."

ముసలావిడ గడపలో కూలబడింది. "అందరూ చెయ్యి పెట్టి, నన్ను తిట్టి పోతారమ్మా. మా అబ్బాయికి ఊపిరాడని రోజు ఈ బండి చలికి స్టార్టవలేదు. అయ్యేసరికి తొందర లేకుండా పోయింది. అప్పట్నుంచీ ఆయన రోజూ పొద్దున్నే వేడిచేసి ఉంచేవారు, వీధిలో ఎవరికి ఏ అవసరం వస్తుందో అని. ఆయన పోయిన సంగతి దీనికి చెప్పినవాళ్ళు లేరు."

"చల్లగా ఎప్పుడూ ఉండదా?"

"ఆయన పోయిన పొద్దున ఉంది. తొందర లేనప్పుడు చల్లగానే ఉంటుంది."

అయినా నర్సమ్మ బ్యాటరీ తెప్పించి పెట్టించి, తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే అందుకుంది. "దయ్యమైతేనేం రా, చలికి స్టార్టవుతోంది కదా!" అని కొనేసింది.

ఆ తర్వాత పిలుపు వచ్చినప్పుడల్లా బానెట్ ముందే వెచ్చబడి ఉండేది. వెళ్ళిన ప్రతిచోటా బిడ్డ కేరుమనేది. లోకంలో ఎవర్నీ నమ్మని మనిషి ఆ రేకుముక్కని నమ్మడం మొదలుపెట్టింది, అదీ విడ్డూరం.

ఒక మధ్యాహ్నం వంతెన దగ్గరి రొట్టెల దుకాణంవాడు పెళ్ళానికి నొప్పులని కబురంపాడు. బయట ఎండ మండిపోతోంది, బానెట్ మాత్రం మంచుముక్కలా ఉంది. బిడ్డ అప్పటికే పోయిందనుకుంది నర్సమ్మ. ఇక తొందరేముందిలే అనుకుని మెల్లగా, ఏడ్చుకుంటూ నడిపింది. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. "ఇందాకటిదాకా కదిలాడమ్మా" అంటున్నాడు రొట్టెలవాడు. ఆమె ఆ మాట చెవిన పెట్టలేదు. బానెట్ చెప్పిందే నిజమైందనుకుంది.

తర్వాత కొద్దిరోజులకే, తెల్లవారుతుండగా అల్లుడు ఫోన్ చేశాడు. "అత్తయ్యగారూ, నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగినట్టుంది. ఆస్పత్రి బండి రావడానికి చాలాసేపు పడుతుందట, త్వరగా రండి!"

షెడ్డులోకి పరిగెత్తి, అలవాటు కొద్దీ చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. మంచుముక్కలా ఉంది.

మరుక్షణం ఎక్కణ్ణుంచి వచ్చిందో అంత కోపం! బానెట్ మీద చాచి ఒక్కటిచ్చింది. "నోర్ముయ్యి! నువ్వెవరు చెప్పడానికి? అది నా పిల్ల!"

ఆ రోజు ఇంజను మూలిగింది, దగ్గింది, సతాయించింది. నర్సమ్మ వదల్లేదు. నోటికొచ్చిన తిట్లన్నీ తిడుతూ తాళం తిప్పుతూనే ఉంది. ఎట్టకేలకు అందుకుంది. కొండమలుపుల్లో ఆమె నడిపిన తీరు తమ్ముడు చూసుంటే కళ్ళు మూసుకునేవాడు.

లోపల చెయ్యి పెట్టి బిడ్డని సరిచేసి బయటికి తీసింది. మనవరాలు నీలంగా ఉంది, ఉలుకూ లేదు పలుకూ లేదు. అల్లుడు గోడకేసి తల బాదుకుంటున్నాడు. నర్సమ్మ నోరు తుడిచింది, వీపు రుద్దింది, ఊపిరి ఊదింది, మళ్ళీ ఊదింది. చాలించమని ఎవరో అన్నారు. వినలేదు. ఆఖరికి ఆ పిల్ల ముక్కు చిట్లించి, ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

నర్సమ్మ చేతులు కడుక్కుని బయటికొచ్చింది. ప్రాణం లేచొచ్చింది, నవ్వు ఆగడం లేదు. "చూశావా, ఓడిపోయావు!" అని బానెట్ మీద చెయ్యి వేసింది. కొండెక్కి వచ్చిన ఇంజను, అయినా చల్లగానే ఉంది. దానికేమీ తెలియదన్నమాట.

అప్పుడు వినబడింది ఆమెకి రొట్టెలవాడి మాట. ఇందాకటిదాకా కదిలాడమ్మా.

ఆ నవ్వు మొహం మీదే ఉండిపోయింది. తను మెల్లగా నడుపుకుంటూ వెళ్ళిన ఆ దారి పొడుగునా ఆ పసివాడు కడుపులో కదులుతూనే ఉన్నాడు.

"అమ్మా, లోపలికి రా, ఎత్తుకో" కూతురు పిలిచింది.

"వస్తున్నానే" అంది నర్సమ్మ. కానీ బానెట్ మీంచి చెయ్యి తీయలేకపోయింది.