పుల్లల వదిన

సందు మొదట్లో కంప్యూటర్లు బాగుచేసే ఆవిడ పెన్‌డ్రైవ్‌ని పుల్ల అంటుంది, అందుకే అందరికీ పుల్లల వదిన అయింది. మొరాయించిన కంప్యూటర్‌కి విండోస్ మళ్లీ ఎక్కించాలంటే ముందు ఓ పుల్లని బూటబుల్ చెయ్యాలి, అంటే అందులో ఉన్నదంతా తుడిచేసి విండోస్ నింపాలి. దాని మూతి మీద ఉఫ్‌మని ఊది, మిషన్‌కి గుచ్చి, పని అయ్యేదాకా బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చుంటుంది. మరిది కొట్టులో పదేళ్లు ఈ పనే చేసింది. అతనేమో వచ్చినవాళ్లతో "అంతా నేనే, మా వదినకి తుడవడం తప్ప ఏమొచ్చు?" అని నవ్వేవాడు. ఆ మాట మనసులో పెట్టుకునే ఆవిడ వేరే కొట్టు పెట్టింది.

మొన్న ఆ మరిదే పుల్ల పట్టుకొచ్చాడు. "నా మిషన్ లేవట్లేదు వదినా, దీన్ని బూటబుల్ చేసిపెట్టు."

"ఇందులో ఉన్నవన్నీ పోతాయి. తుడిచెయ్యనా?"

"తుడిచెయ్, నీకొచ్చింది అదేగా!" అని బెంచీ మీదవాళ్లకి కన్నుకొట్టాడు.

తెరిస్తే అతని కూతురి చిన్నప్పటి ఫోటోలు. వాటిని చడీచప్పుడు లేకుండా తన మిషన్‌లో దాచుకుని, అప్పుడు తుడిచేసింది. సాయంత్రానికి మరిది లబోదిబోమంటూ వచ్చాడు. "అందులో పాప ఫోటోలున్న సంగతే మర్చిపోయా, వేరే కాపీ లేదు వదినా, మా ఆవిడ నన్ను గడప తొక్కనివ్వదు!"

"అడిగే చేశానుగా నాయనా. చూద్దాంలే" అంది.

ఇవాళ్టికి మూడు రోజులు. రోజూ బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్లందరికీ "మా వదిన తలుచుకుంటే పోయినవీ రప్పిస్తుంది, నా కొట్టు నడిపిందే ఆవిడ" అని చెబుతున్నాడు. ఫోటోలు ఇచ్చేద్దామనే ఆవిడ నోరు తెరుస్తుంది. అంతలో ఇంకెవరో లోపలికి వస్తారు, సరే, వీళ్లు కూడా విననీ అని మూసుకుంటుంది.