కోతపండుగ ప్రకటనకు ఆమేన్

ఆ రోజుల్లో నాకు నోరు ముందు పుట్టి, బుద్ధి తర్వాత పుట్టిందని మా అమ్మ అనేది. ఆ బుద్ధి ఎప్పుడు పుట్టిందో మాత్రం ఇంతవరకు చెప్పలేదు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మా బాన్సువాడ చర్చిలో ప్రకటనలు చదివే హక్కు మా పెద్దబాపుది, అంటే మా నాన్నకు అన్నది, ఆయన సంఘానికి సెక్రటరీ. ఆరాధన అయ్యాక జేబులోంచి చీటీ తీసి, బుధవారం ప్రార్థన కూడిక, శనివారం చర్చి కడగడం, పై వారం ఫలానా పండుగ అని చదువుతుంటే ప్రతి ప్రకటన చివరా జనం "ఆమేన్" అనేవాళ్లు. అది భక్తి కాదు, వట్టి అలవాటు. ఒకసారి "ఎవరియో చెప్పులు మారినయట, చూసుకోండ్రి" అని చదివినా అంతే గట్టిగా ఆమేన్ అన్నారు. (చెప్పులు పోయినాయన కూడా అన్నాడు.)

ఆ ఏడు కోతపండుగకు ముందు ఆదివారం, పెద్దబాపు మద్నూర్‌లో చుట్టాల పెళ్లికి వెళ్లి గొంతు పోగొట్టుకొని వచ్చాడు. చీటీ నా చేతిలో పెట్టి, "రాసింది రాసినట్టు సదువు. ఒక్క ముక్క ఎక్కువ గావద్దు" అని బొంగురుగా చెప్పాడు. అలాగే చదివేదాన్నే, ముందురోజు మా అవ్వ ఆ మాట అనకపోయి ఉంటే. అవ్వ అంటే మా నాయనమ్మ, ఈ పెద్దబాపును కన్నతల్లి. కోతపండుగ నాడు జనం నిజాంసాగర్ కాలువ కింద పండిన కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు తెచ్చి దేవుని ముందు పెడతారు. తర్వాత అందరికీ ప్రేమ విందు. ఆ విందుకు బగార అన్నం వండేది ఆడవాళ్లు, చర్చి వెనక రేకుల కింద. ముప్పై ఏళ్లుగా ఆ గంజు, అంత పెద్ద వంటగిన్నె, దగ్గర నిలబడింది మా అవ్వే. శనివారం ఉల్లిగడ్డలు ఏరుతూ అంది: "పండుగ నాడు పాస్టర్ అయ్యగారు ఏం వాక్యం చెప్తడో నాకు ఇప్పటిదాంక తెల్వది బిడ్డా. మైకు మోత ఇనబడ్తది గని, మాట తెల్వది." ఆమె నవ్వుతూనే అంది గానీ నాకు ఒళ్లు మండిపోయింది.

అందుకే చీటీలో ఉన్నదంతా బుద్ధిగా చదివి, చివర నా సొంత ప్రకటన ఒకటి కలిపాను: "పై వారం ప్రేమ విందుకు వంట మగవాళ్లు చేస్తారు. ఆడవాళ్లంతా ముందు వరుసల్లో కూర్చొని వాక్యం వింటారు." చర్చి మొత్తం "ఆమేన్" అంది. మగవాళ్ల వైపు నుంచే గట్టిగా వచ్చింది. "ఏమన్నదిరా గా పోరి?" అని ఎవరో పక్కాయన్ని అడగడం నాకు మైకు దగ్గరికి వినబడింది.

చెప్పులు విడిచిన చోటే పంచాయితీ మొదలైంది. "బుధవారం కూడికల అందరి ముందట నిలబడి తప్పయింది అను. లేకుంటే ఇగ మైకు ముట్టవు, పాటల గుంపుల నిలబడవు" అన్నాడు పెద్దబాపు. పాటంటే నాకు ప్రాణం. మూడు రోజులు అన్నం సయించలేదు (అని చెప్పుకుంటాను గానీ, తిన్నాను). అవ్వ కూడా, "ఎందుకే లొల్లి? తప్పయింది అంటె నోట్ల ముత్యాలు రాల్తయా?" అంది. "తప్పు నాది కాదవ్వా, నేనెందుకంటా?" అన్నాను.

బుధవారం అయ్యగారు ప్రార్థన ముగించి నా వైపు చూశాడు. లేచి నిలబడ్డాను. "ఆదివారం నేను చదివిన ప్రకటన గురించి..." అనగానే పెద్దబాపు తృప్తిగా తలూపాడు. "అది కొందరికి సరిగ్గా వినబడలేదట. అందుకని మళ్లీ చదువుతున్నాను" అని అక్షరం మారకుండా అప్పజెప్పాను. అలవాటు పాడుగాను, మళ్లీ ఆమేన్ అన్నారు! ఈసారి పెద్దబాపు కూడా అన్నాడు. అనేసి చేత్తో నోరు మూసుకున్నాడు. అప్పుడు చాప మీద నుంచి అవ్వ మోకాళ్లు పట్టుకొని లేచింది. "అరేయ్ పెద్దోడా, దేవుని ముందట రెండుసార్లు ఆమేన్ అన్నరు. గది ఉత్త మాటనా? పండుగనాడు పొద్దుగాల్నే రా, ఉల్లిగడ్డలు కొయ్యాలె." అయ్యగారు నవ్వు ఆపుకోలేక ముగింపు ప్రార్థన మొదలుపెట్టాడు.

పండుగ నాడు అవ్వ కొత్త చీర కట్టుకొని ముందు వరుసలో కూర్చుంది. వాక్యం సగంలో ఉండగా మాడు వాసన వచ్చింది. ముందు అవ్వ ముక్కు లేచింది, వెనకాలే అవ్వ లేచింది. కొంగు పట్టి గుంజాను.

"మాడుతున్నది బిడ్డా!"

"మాడనీ అవ్వా."

కూర్చుంది. కోత కోసేటప్పుడు పొలం మూలలు వదిలెయ్యాలి, ఏరుకొని బతికే పేదవాళ్ల కోసం అని అయ్యగారు చెబుతున్నాడు. అవ్వ కళ్లు తుడుచుకుంది. పొగేమో అనుకున్నాను. ఆ రోజు బగార అడుగున మాడి, మధ్యలో జావై, పైన పలుకుగా ఉంది. ఒకే గంజులో మూడు రకాలు. ఉల్లిగడ్డలకు ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో పెద్దబాపే వడ్డించాడు. అవ్వ ఒక ముద్ద తిని "మంచిగున్నది కొడుకా" అంది. (చర్చిలో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే అనుకుంటాను.) ఇంటికి నడిచి వస్తుంటే మెల్లగా చెప్పింది: "నేను గూడ చిన్నప్పుడు కోసిన మళ్లల్ల రాలిన పరిగె ఏరుకున్నదాన్నే బిడ్డా. గా మాట నా అసొంటోళ్ల కోసమేనట. గిన్నేండ్లు నాకే తెల్వకపాయె." నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పోవాలని కూడా నాకు లేదు.

ఇప్పుడు అవ్వ లేదు. పెద్దబాపు ఏటా వండి వండి బగారలో చెయ్యి తిరిగినవాడయ్యాడు. సెక్రటరీని నేనే. మొన్న ఆదివారం కాలేజీ పిల్ల ఒకతి చీటీ పట్టుకొని వచ్చి, "అక్కా, క్రిస్మస్ ప్రకటనలు నేను సదువుతా" అంది. "ఏం రాసినవ్? ముందుగాల నాకు చూపియ్యి" అన్నాను. అచ్చం మా పెద్దబాపు గొంతే. నాకే సిగ్గేసి, చీటీని విప్పకుండానే తిరిగి ఇచ్చేశాను. అందులో ఏముందో నాకు తెలియదు. ఆ పిల్ల మైకు ముందు నిలబడి ఇంకా నోరు తెరవనేలేదు, నేను ఆమేన్ అనేశాను.