పడవ మీద పగటి నిద్ర

నా చిన్నప్పుడు మా అమ్మ పగటిపూట నిద్రపోగా ఒక్కసారే చూశాను. అది ఏలూరు కాలువలో, మా పెద్దమామయ్య సరుకుల పడవ మీద. ఇన్నేళ్ల తర్వాత ఆ పగలు మళ్లీ గుర్తొచ్చింది దుబాయ్‌లో, ఊరి నడుమ పారే కాలువలో కట్టేసిన మరో పడవ మీద.

నేను ఆ దేశంలోనే ఫుజైరా అనే ఊళ్లో ఒక ఆసుపత్రిలో నర్సుని. వచ్చే ఏడు రిటైరవుతాను. కరోనా పోయిందని అందరూ అంటున్నారు గానీ, ఆ అలసట మా ఒంట్లోంచి ఇంకా పోలేదు. మా వార్డులోనే పనిచేసే భీమవరం అమ్మాయి నా పక్క గదిలో ఉంటుంది. కరోనా మొదలైన ఏడాది వాళ్ల నాన్న పోయాడు. విమానాలు లేవు. ఆఖరి చూపు ఫోన్లోనే చూసుకుని, మర్నాడు డ్యూటీకి వచ్చింది. అప్పట్నుంచి ఎవరు సెలవు పెట్టినా వాళ్ల పనీ తనే నెత్తినేసుకుంటుంది. ఈ మధ్య మందుల ట్రాలీ పట్టుకుని నిలబడే కునికిపాట్లు పడుతుంటే నాకు భయమేసింది. అలాంటి పిల్ల నా మీద జాలిపడింది. "మీరు బాగా అలిసిపోయారక్కా. ఒకరోజు ఎక్కడికైనా పోదాం. ఖలాస్, అంతే, కాదనొద్దు" అని ఆ పడవని అద్దెకు తీసుకుంది.

సన్నగా, పొడుగ్గా ఉన్న పడవ. లోపల మంచం, చిన్న పొయ్యి, కిటికీకి ఆనుకునే నీళ్లు. తాళాలిచ్చిన మలయాళీ పెద్దాయన "ఆరామ్ కరో మేడమ్" అనేసి వెళ్లిపోయాడు. నేను కిటికీ దగ్గర కూలబడ్డాను. ఆ పిల్ల మాత్రం కూర్చోలేదు. కడిగున్న గిన్నెలే మళ్లీ కడిగింది. దుప్పట్లు మడత విప్పి మళ్లీ మడతపెట్టింది. మధ్యమధ్యలో ఫోన్ తీసి వార్డు సంగతులు కనుక్కుంటోంది.

"కాస్త కూర్చోవే" అన్నాను.

"కూర్చుంటానక్కా, ఈ ఒక్క పనీ అయిపోనీ" అంది.

ఆ మాట మా అమ్మది.

మా నాయనమ్మ పక్షవాతంతో ఏళ్ల తరబడి మంచంలో ఉంది. అన్నీ అమ్మే చేసింది. నాయనమ్మ పోయాక, అమ్మకి తన చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. తోమిన గిన్నెలు తోముతూ, ఊడ్చిన వాకిలి ఊడుస్తూ, చివరికి ఓ రోజు బావి దగ్గర స్పృహ తప్పి పడిపోయింది. కబురు తెలిసి మామయ్య వచ్చాడు. కొన్నాళ్లు తన దగ్గర ఉంచుకుంటానని అమ్మనీ నన్నూ పడవ ఎక్కించుకున్నాడు.

ఏలూరులో ఇటుకలు దింపి, పడవని గట్టుకి కట్టారు. పడవ మనుషులు బజారుకెళ్లారు. అమ్మ పడవలో ఉన్న గిన్నెలన్నీ తోమేసింది, మామయ్య చొక్కాలన్నీ ఉతికేసింది. ఇంకేం ఉన్నాయని వెతుకుతోంది. నడుం వాల్చమని మామయ్య ఎంత చెప్పినా వినలేదు. అప్పుడాయన ఒక తాడు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు.

"చెల్లాయ్, నీటి వాలు ఎక్కువగా ఉంది. చూస్తే మనుషులు లేరు. కాస్త ఇది పట్టుకుని కూర్చో. వదిలేశావంటే పడవ తిరిగిపోద్ది."

"ఎంతసేపన్నయ్యా?"

"ఆళ్లొచ్చేదాకా."

అమ్మ గోనె బస్తాలకి ఆనుకుని కూర్చుంది. తాడుని మణికట్టుకి చుట్టుకుంది. పడవ మెల్లగా ఊగుతోంది. కాసేపటికి అమ్మ తల పక్కకి వాలింది. పడవ కొట్టుకుపోతుందేమోనని నేను హడలిపోయి తాడు పట్టుకోబోయాను. అప్పుడు చూశాను. దాని రెండో కొస దేనికీ కట్టి లేదు. ఊరికే నీళ్లలో వేలాడుతోంది. పడవని ఆపిన మోకులు వేరే ఉన్నాయి, ముందొకటి, వెనకొకటి, గట్టు మీది గుంజలకి బిగించి.

నేను నోరు తెరవబోతే మామయ్య నన్ను పడవ ముందుకి తీసుకెళ్లాడు. "కూర్చోమంటే మీ అమ్మ కూర్చోదమ్మా. పనుందంటే కూర్చుంటది. లేపమాకు" అన్నాడు గొంతు తగ్గించి. బజారు నుంచి వచ్చిన మనుషుల్ని కూడా పడవ ఎక్కనివ్వలేదు. వాళ్లు గట్టు మీదే కూర్చుని చుట్టలు కాల్చుకున్నారు.

ఎండ తగ్గాక అమ్మకి మెలకువొచ్చింది. కంగారుగా తాడు లాగింది. తడికొస తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. అమ్మ ఆ కొస వంక చూసింది, అన్నయ్య వంక చూసింది. మామయ్య ఎటో చూస్తున్నాడు. అమ్మ ఆ కొసని మెల్లగా మళ్లీ నీళ్లలోకి వదిలింది.

"ఇంకాసేపు పట్టుకోనా అన్నయ్యా?" అంది.

"పట్టుకో" అన్నాడు.

అప్పుడు అమ్మ ఏడ్చింది. నాయనమ్మ పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి మళ్లీ నిద్రపోయింది.

దుబాయ్ పడవ మీద నా దగ్గర తాడు లేదు. "నీళ్ల మీద నాకు కళ్లు తిరుగుతున్నాయే. కాస్త పడుకుంటాను. నాడి చూస్తూ పక్కన కూర్చో, చెయ్యి వదలకు" అన్నాను. చేస్తున్న పని వదిలేసి పరిగెత్తుకొచ్చింది. మంచం పక్కన కింద కూర్చుని నా మణికట్టు మీద వేళ్లు పెట్టింది. నేను కళ్లు మూసుకున్నాను. కొంతసేపటికి ఆ వేళ్లు వదులయ్యాయి. తల మంచం పట్టె మీదికి వాలింది. సంచిలో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. నా చెయ్యి తిమ్మిరెక్కింది. కదపలేదు.

పొద్దువాలాక లేచి, "బానే ఉన్నారా అక్కా?" అంది. బానే ఉన్నానన్నాను. నా ముఖంలోకి చూసింది, అర్థమైపోయింది.

"మా నాన్న చెయ్యి ఇలా పట్టుకుని ఉంటే బాగుండేదక్కా" అంది.

అలసిన మనిషిని పడుకోమని చెప్పడం నేను ఏలూరు కాలువ మీదే మానేశాను. వాళ్ల చేతికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఇస్తాను. ఆ సాయంత్రం నా దగ్గర ఉన్నది ఈ ముసలి చెయ్యే. తిమ్మిరి ఇంకా వదల్లేదు. దాన్నే మళ్లీ ఆ పిల్ల ముందు చాపాను.