పెదనాన్న చుట్టిన ఏరియల్ కాయిల్

మా పెదనాన్న బంగార్రాజు బాగుచేసిన వస్తువు మళ్ళీ చెడిపోదు. ఎందుకంటే ఆ తర్వాత అది పనిచెయ్యదు. ఈ మాట మా పెద్దమ్మ కనకరత్నం అనేది, నవ్వకుండా.

బొబ్బిలి వైపు నుంచి భిలాయి వచ్చి, ఉక్కు ప్లాంటులో మోటార్లు చుట్టే షాపులో చేరి, రిటైరయ్యేదాకా ఆయన అక్కడే పనిచేశాడు. పెన్సిలంత లావు రాగితీగ చుట్టాలి, వార్నిష్‌లో ముంచాలి, కాల్చి గట్టిపరచాలి. ఆయనకు తెలిసిన మరమ్మతు అదే. ప్లాంటు పక్కన మరోదా సెక్టారులోని వాళ్ళింట్లో గొడుక్కి ఇనుప రివెట్లుండేవి. టేబుల్ ఫ్యాన్ జరపాలంటే ఇద్దరం పట్టాలి.

తొంభై మూడు వానాకాలం చివర్లో దగ్గర్లో ఎక్కడో పిడుగు పడింది. ఉరుములప్పుడు రేడియో నుంచి ఏరియల్ తీగ పీకెయ్యమని పెద్దమ్మ మొత్తుకుంటూనే ఉంది. పెదనాన్న పీకలేదు. వాళ్ళ పాత వాల్వ్ రేడియోలో ఏరియల్ కాయిల్ మాడిపోయింది. గాలిలోంచి వచ్చే స్టేషన్‌ను పట్టి లోపలికిచ్చే చిన్న తీగచుట్ట అది. రాయపూర్ మాత్రం నీరసంగా పలికేది. విశాఖపట్నం పోయింది.

ఆ వారమే, శుక్రవారం రాత్రి, విశాఖ కేంద్రంలో పెద్దమ్మ తమ్ముడు సత్యారావు సన్నాయి కచేరీ. జీవితమంతా పెళ్ళిళ్ళలో, విస్తళ్ళ గోల మధ్య ఊదినవాడు. ఆయన వాయిద్యాన్ని నోరు మూసుకుని విన్నవాళ్ళు లేరు. ఇప్పుడు రేడియోవాళ్ళు పిలిచారు. ఇంట్లో ఉన్న ట్రాన్సిస్టర్‌కు అంత దూరం అందదు.

"క్యాంప్ టూలో రేడియోలు బాగుచేసే రాజేంద్ర దగ్గర పాత సెట్టుది కాయిలుందట. తెచ్చెయ్యండి," అంది పెద్దమ్మ.

"రోలింగ్ మిల్లు మోటార్లు చుట్టినోణ్ణి. నానెల్లి ఆ కుర్రాడి దగ్గర కాయిలు అడగాలేటి?"

"ఇది మోటారు కాదండీ."

"తీగ సన్నంగుంది కాబట్టి మాడిపోనాది. లావుది చుడితే జన్మలో మాడదు."

చుట్టాడు. వార్నిష్‌లో ముంచాడు. వంటింట్లో బొగ్గుల సిగిడీ మీద కాల్చాడు. ఆ పూట చింతపండు పులుసు వార్నిష్ వాసనేసింది. ఆ లావు కాయిలుకు రేడియో వెనక అట్ట మూతపడలేదు. విశాఖ ఉండాల్సిన చోట రాయపూర్ గురగురలాడింది.

"ఇంకో పూత పడాల," అన్నాడాయన.

ఇంకో పూత పడింది. ఈసారి రాయపూర్ కూడా పోయింది. పెద్దమ్మ చేతిలో ఉన్న గరిటె గట్టు మీద పెట్టేసి బయటికెళ్ళి కూర్చుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, రేడియోను పాత చీరలో మూటకట్టి, హిందీ మాట్లాడేందుకు నన్ను వెంటబెట్టుకుని రిక్షా ఎక్కింది. క్యాంప్ టూలో రాజేంద్ర మూట విప్పి కాయిల్ కేసి చూశాడు.

"మాజీ, యే రేడియో కా హై, యా క్రేన్ కా?"

ఇది రేడియోదా, క్రేనుదా అంటున్నాడని నేను తెలుగులో చెప్పలేదు. అవసరం లేకపోయింది. "చూడు, పరాయివోళ్ళ చేత కూడా అనిపించుకుంటన్నాం," అంది పెద్దమ్మ.

అతను వెంట్రుకంత తీగ ఉన్న పాత కాయిల్ బిగించాడు. కొట్లోనే రాయపూర్ ఖంగున పలికింది. కానీ ఇంటికొచ్చి, చీకటి పడ్డాక ఎంత తిప్పినా విశాఖ రాలేదు. పెదనాన్న మంచం మీద నుంచే, "నా చెయ్యి పడనియ్యకపోతే అలాగే ఉంటాది," అన్నాడు.

అప్పుడు నాకు అనుమానమొచ్చి మేడ మీదకెళ్ళి చూశాను. ఏరియల్ కట్టిన వెదురు గాలివానకు విరిగి ఉంది. తీగ తడి గచ్చు మీద పడి ఉంది. ఆ కాయిల్ గొడవలో ఎవరూ తలెత్తి చూడలేదు.

"రేపు ఇనుప పైపు తెచ్చి, సిమెంటేసి, నాలుగు క్లాంపులు..." మొదలెట్టాడు పెదనాన్న.

"ఇంకో పావుగంటలో మా తమ్ముడు! క్లాంపులొద్దు, ఏటీ వొద్దు. మీరే ఎత్తి పట్టుకోండి."

గొణుక్కుంటూనే మేడెక్కాడు. బట్టలు ఆరేసే కర్రకు తీగ చుట్టి రెండు చేతులతో పైకెత్తాడు. గరగర మధ్య నుంచి సత్యారావు పేరు, ఆ వెనకే సన్నాయి. పెద్దమ్మ రేడియోకు చెవి ఆనించి కూర్చుంది.

ఆయన చేతులు దిగితే సన్నాయి మునిగిపోయేది. "ఎత్తండీ!" అని పెద్దమ్మ కిటికీలోంచి అరిచేది. మళ్ళీ తేలేది.

"ఏటి వాయిస్తన్నాడే?" పైనుంచి కేక.

"మాటాడకండి! ఎత్తండి!"

కచేరీ అయ్యేదాకా ఎత్తే ఉంచాడు. ఒక్క ముక్క వినలేదు. భుజాలు పిసుక్కుంటూ దిగొచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

"నా కాయిలే ఉంటే..."

"నోరు మూసుకుని వినండి," అంది పెద్దమ్మ.

అన్నం వడ్డిస్తూ, తమ్ముడు వాయించింది మొదటి నుంచీ సన్నగా పాడింది. ఆయన అన్నం కలపకుండా విన్నాడు.