ప, పే గుర్తులు

హుజూరాబాద్‌లో దుకాణంవాడు కొత్త తాను విప్పగానే గంజి వాసన ఘాటుగా కొడితే, నేను ముందు ఆ బట్టను రెండు వేళ్ల మధ్య నలిపి పోగులెంత పలచగా ఉన్నాయో చూస్తాను. గంజి చాలా లోపాలను కప్పుతుందని చిన్నప్పుడే తెలుసుకున్నదాన్ని. కరెంటు మగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. మా ఇల్లు నాలుగు సాంచెల షెడ్డును ఆనుకునే ఉండేది. వానాకాలం దూది నుసి తడిగోడలకు అంటుకునేది, ఎండాకాలం అన్నంలో పడేది, బతుకమ్మ పండుగకు అవ్వ రొట్టెలు, బెల్లం నలిపి మలీద ముద్దలు కట్టి తువ్వాల కప్పినా ఎలాగో దూరేది. సాంచెల చప్పుడులో నేనూ పక్కింటి లలితా సన్నని గొట్టాల్లాంటి కండెలకు నూలు చుడుతూ, ఎవరివెన్నో ఒకరినొకరు నమ్మక రెండుసార్లు లెక్కపెట్టేవాళ్లం.

తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు సారు ‘ఇంగ్’తో ముగిసే మాటలను విడదీయమన్నాడు. ‘స్విమ్మింగ్ ఈజ్ గుడ్’ అంటే ఈత మంచిది. అక్కడది పనికి పేరు, జెరండ్. ‘షీ ఈజ్ స్విమ్మింగ్’ అంటే ఆమె ఈదుతోంది. అక్కడది ప్రెజెంట్ పార్టిసిపుల్. ఒకే మాటకు రెండు పేర్లెందుకని నాకు అనుమానం. ఇంటికొచ్చి చూస్తే, ఒకే బస్తాలోని నూలు బీముకెక్కి నిలువు పడుగవుతోంది, కండెకెక్కి అడ్డం పేకవుతోంది. పోగును కాదు, అది చేసే పనిని చూడాలి. లలితకూ చెప్పాను. ఆ మాట తీసి ‘ఇట్’ పెట్టేవాళ్లం. వాక్యం నిలబడితే జెరండ్, దానికి ‘ప’ అని గుర్తు. కూలితే పార్టిసిపుల్, దానికి ‘పే’.

పరీక్షలోనూ పెన్సిలుతో ఆ గుర్తులే పెట్టుకున్నాం. బతుకమ్మ సెలవుల తర్వాత సారు ఇద్దరినీ నిలబెట్టాడు.

“ఇద్దరికీ ఇరవైకి పద్దెనిమిది. ఇద్దరి పేపర్ల మీద గీ ప, పే. గివేం సైగలే?”

పడుగూ పేకా అంటే నమ్మలేదు. మా బాపును పిలిపించాడు.

“చూసి రాసినవని తేలితే రేపటిసంది కండెలే. బడి లేదు,” అన్నాడు బాపు దారిలో, నావైపు చూడకుండా.

బాపుకు ఇంగ్లీషు అక్షరం రాదు. రెండు పేపర్లనూ బల్ల మీద పక్కపక్కన పరిచి, నేసిన బట్ట మీద నడిపినట్టే ఎర్ర ఇంటు గుర్తుల మీద వేలు నడిపాడు. నాకు తప్పినవి ఏడో ప్రశ్న, పదహారో ప్రశ్న. లలితవి నాలుగు, పదకొండు.

“సారూ, ఒక్క సాంచె మీద దిగిన బట్టల తప్పు ఒక్క జాగలనే పడుతది. గివి రెండు సాంచెలు.”

“ఇంగ్లీషు రాదంటివి గద?”

“తప్పులు సదువుడొస్తది సారూ.”

సారు మళ్లీ లెక్కపెట్టాడు. మార్కులు ఉంచాడు గానీ, ఆ ఏడాదంతా నన్ను మొదటి బెంచీలో, లలితను ఆరో బెంచీలో కూర్చోబెట్టాడు.

ఇంటికి నడుస్తుంటే లలిత అడిగింది: “బాపు లెక్కజూసేదాక నువ్వు గూడ నన్నే అనుమానపడ్డవు గదనే?”

నేను లేదనలేదు.

ఇప్పుడా షెడ్డు లేదు; ఆ జాగాలో మోటారు సైకిళ్లు నిలుపుతున్నారు. కండెలు చుట్టే పిల్లలూ లేరు, బాపూ లేడు. లలిత పెళ్లయి బాసర వైపు వెళ్లిందని విన్నాను. ఎన్నడైనా ఎదురుపడితే ఆ రోజు నిన్ను అనుమానపడలేదని చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను, కానీ అది అబద్ధమని ఆమెకూ తెలుసు.