ఒక్క పిలుపుకి లేవని మనిషి

ఉదయం ఏడింటికి ఆ ఇంట్లో పిలుపులు మొదలయ్యేవి. ఇల్లాలు వంటింట్లోంచి "ఏమండీ!" అని ఒక కేక. స్టవ్ మీద గిన్నె దించాక ఇంకో కేక. ఆ తర్వాత ముందుగదిలో మంచం మీదున్న ఆవిడ తల్లి ఒక కేక. అప్పుడుగానీ కుర్చీలో పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్న మనిషి కదిలేవాడు కాదు. ఇప్పుడు ఏడింటికి ఆ ఇంట్లో కుక్కరు తప్ప ఎవరూ నోరు తెరవడం లేదు.

ఒక్క పిలుపుకి లేవడు. ఆయన గురించి ఎవరు చెప్పినా ముందు ఇదే చెబుతారు.

ఆయన ఉద్యోగం మెదడు పరిశోధనశాలలో. ఉల్లిపొరలా కోసిన మెదడు ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కో కణానికి ఎన్ని కొమ్మలున్నాయో, ఏ కొమ్మ ఎటు వంగిందో పెన్సిలుతో గీయాలి. ముప్పై ఏళ్ళు అదే గీశాడు. ఆ కొమ్మల పేరు డెండ్రైట్లు. వీధిలో ఆయన పేరు కొమ్మలాయన.

"నేను పిలిచి పావుగంటయింది. చెవుల్లో ఏం పెట్టుకున్నారు?" అనేది ఇల్లాలు.

"చెవులు బాగానే ఉన్నాయోయ్. కణం అంత చవగ్గా లేవదు. దాని కొమ్మల మీద వేల కబుర్లు వచ్చి పడుతుంటాయి. నీది వంటింటి నుంచి రావాలి, అంటే కొమ్మ చిట్టచివర పడ్డట్టు. మొదలు చేరేసరికి నీరసించిపోతుంది."

"రెండోసారీ పిలిచాను కదా!"

"తీరిగ్గా పిలిచావు. ఈలోగా మొదటిది చల్లారిపోయింది. పక్కపక్కనే, ఒకేసారి రెండు పడ్డాయనుకో, ఆ కొమ్మే గొంతెత్తి అరుస్తుంది. ఇంకో గొంతు కలవాలి. ఏమంటారు అత్తయ్యగారూ?"

అత్తయ్యగారు ఆ ఒక్క కేక తప్ప ఇంకేమీ అనే స్థితిలో ఉండేది కాదు. ఏడేళ్ళ కిందట ఆవిడకి మెదడులో రక్తం గడ్డకట్టి, కుడి చెయ్యీ మాటా పడిపోయి కూతురింటికి చేరింది. ఇంచుమించు అప్పుడే అల్లుడికీ ఈ జబ్బు పట్టుకుంది. ఒకే ఇంట్లో రెండు మెదళ్ళు ఒక్కసారే చెడిపోయాయేమిటా అని ఇల్లాలు తల పట్టుకుంది.

ఒకరోజు ఇల్లాలు స్నానాల గదిలో ఉండగా స్టవ్ మీద కూర మాడింది. "ఏమండీ, మాడు వాసన! కట్టెయ్యండి!" అని లోపల్నుంచి అరిచింది. ఆయన స్టవ్ దగ్గరే ఉన్నాడు, మీటమీద చెయ్యి కూడా వేసి ఉంచాడు. "వాసన ఒక సంకేతం, నీ కేక రెండోది. ఇంకొంచెమే తక్కువ. అత్తయ్యగారి అభిప్రాయం కూడా తెలిస్తే..." ఆవిడ తడి తలతో బయటికొచ్చేసరికి స్టవ్ ఆగిపోయి ఉంది. గిన్నె మాత్రం బొగ్గయింది.

కర్టెన్లు కొనుక్కురమ్మంటే ఇంకో పాఠం. "వద్దనే కబుర్లు కూడా ఉంటాయోయ్. అవి గడుసువి, మొదలు దగ్గరే తిష్ట వేస్తాయి. చివర్నుంచి ఎంత అరిచినా నోరు నొక్కేస్తాయి. ఎండ, మోకాలు, బస్సులో జనం..."

"మరి అన్నానికి పిలిస్తే ఆ మోకాలు ఏమవుతుందండీ?"

"అప్పుడు కడుపు తన పార్టీ మొత్తాన్నీ వెంటేసుకొస్తుంది."

పోయిన వానాకాలం ఒక ఉదయం ఇద్దరూ కలిసి పిలిచారు. ఆయన లేవలేదు.

ఆ తర్వాత ఇల్లాలు తల్లిని కాలు కింద పెట్టనివ్వలేదు. దాహం వేయకముందే గ్లాసు, చలి వేయకముందే దుప్పటి. తల్లి తలూపడంతో సరిపెట్టేది. పోనుపోను ఆ ఊపడం కూడా తగ్గింది. డాక్టరు వచ్చి చూసి, "మాట్లాడించకపోతే వచ్చిన మాటలు కూడా పోతాయమ్మా" అన్నాడు. ఎలా మాట్లాడించాలో ఆవిడకి తోచలేదు.

నిన్న పరిశోధనశాల పెద్దమేడం అక్కడ ఆయన బల్లమీద ఉండిపోయిన కళ్ళజోడు ఇచ్చి వెళ్దామని వచ్చింది. కాసేపు కూర్చున్నాక ఇల్లాలు అడిగింది: "అక్కడ ఆయన్ని లేపడానికి ఎంతమంది పిలవాల్సొచ్చేదండీ?"

"లేపడమా? సగం పిలుపుకే పరిగెత్తుకొచ్చేవాడమ్మా. ఒక్కోసారి నేను నోరు తెరవకముందే వచ్చి నిలబడేవాడు."

మేడం మెట్లు దిగిందో లేదో ఇల్లాలు అందుకుంది. "విన్నావా అమ్మా! అక్కడ సగం పిలుపుకే లేచేవాడట. ఇన్నేళ్ళూ నా గొంతే ఆయనకి ఆనలేదన్నమాట. కొమ్మలూ లేవు, రెమ్మలూ లేవు. నేనంటేనే లెక్కలేదు!"

మంచం మీంచి కిసుక్కున నవ్వు వినిపించింది. తల్లి నవ్వి ఎన్నాళ్ళయిందో.

"పిచ్చి... మొహమా. నీ మొదటి పిలుపుకే... కళ్ళు తెరిచేవాడే."

"ఏంటీ?"

"పేపరు వెనకనుంచి... నాకు కన్ను కొట్టేవాడు. మీ వంతు అత్తయ్యగారూ... అరవండి, అని." ఆవిడ ఊపిరి తీసుకుంది. "మొదటి నెల నాకు... 'లెండి' అనబోతే... 'లెం' దాకానే వచ్చేది. దానికే లేచి నిలబడేవాడు."

ఇల్లాలు మంచం అంచున కూలబడింది. "మరి ఆ గిన్నె?"

"నాతో 'మంట' అనిపించాలని... ఆగాడు. నాకు రెండు నిమిషాలు... పట్టిందే."

"నా గిన్నె బొగ్గు చేసి ఇద్దరూ కన్ను కొట్టుకున్నారా!" ఇల్లాలికి ఏడుపు రాబోయి దారి తప్పి నవ్వొచ్చింది.

ఇంతలో గాలి లేచింది. తల్లి బాల్కనీ వైపు చెయ్యి చూపింది. "వాన... బట్టలు."

ఇల్లాలు అలవాటు కొద్దీ సగం లేచింది. లేచినదల్లా మళ్ళీ కూర్చుని కాళ్ళు చాపుకుంది.

"ఒక్క సంకేతమేగా అమ్మా. అదీ మంచం చివర్నుంచి."

తల్లి కళ్ళు పెద్దవి చేసింది. "ఓసి మొద్దూ, నీకూ అంటిందటే ఆ తెగులు? ఉతికిన దుప్పటి తడిసిపోతోందే, లేవవే!"

ఎక్కడా తడబడలేదు. ఇల్లాలు గోడకి చేరగిలబడి, ఇంకా ఏమేం తిడుతుందోనని వింటూ కూర్చుంది. బాల్కనీలో దుప్పటి హాయిగా తడిసింది.