పొయ్యి మీది జొన్న కంకులు

అశ్వారావుపేట నుంచి భద్రాచలం పోయే బస్సులో మా పక్కన ఒక ముసలావిడ కూర్చుంది. పేరు అడగలేదు. మా అమ్మాయి ఒక చేత్తో కాల్చిన మొక్కజొన్న కంకి పట్టుకుని, మర్నాటి పరీక్షకు పాఠం పైకి చదువుతోంది: వేటాడి, దుంపలు ఏరుకుని బతికిన మనుషులు, తిండి సులువుగా దొరుకుతుందని వ్యవసాయం మొదలుపెట్టారట.

"సులువా?" అంది ముసలావిడ.

నేను నవ్వాను. తాతల నాటి నుంచి మాదీ వ్యవసాయమే, సులువు కాదని నాకూ తెలుసు.

"అడివిల దొరికింది అప్పుడే తింటం బిడ్డా. ఎవుసమంటే ఆకలున్నా దాచుడు. నా చిన్నప్పటి కరువుల అడివి గడ్డలు గూడ దొరకలే. విత్తనం జొన్న కంకులు మాత్రం పొయ్యి మీద పొగకు వేలాడుతున్నయ్. మా తమ్ముడు వాటి దిక్కే చూసుకుంట ఏడ్చెటోడు. మా అమ్మ దించలే. వాడు పోయిండు. వాన పడ్డంక అవే చల్లింది."

మా అమ్మాయి అడిగేసింది: "ఒక్క కంకైనా పెట్టొచ్చు కదా అమ్మమ్మా?"

"గట్లనే నేనూ మా అమ్మను అడిగిన. 'మిగిలిన నలుగురు బతకాల్నా వద్దా' అన్నది."

మా అమ్మాయి తన కంకిని ఆమె ముందు పెట్టింది. ముసలావిడ దాన్ని వెనక్కి నెట్టింది.

"నువ్వు తిను. నా ముందట తిను."

కండక్టరు ఆమె ఊరి పేరు రెండుసార్లు అరిచాడు. కంకి మీద ఆఖరి గింజ అయిపోయేదాకా ఆమె లేవలేదు.